ప్రోగ్రామ్ ఆగినా ఎక్సెల్ ఆగట్లేదా? టాస్క్ మేనేజర్‌లో దాక్కున్న ఎక్సెల్‌ను సరిగ్గా మూసే పద్ధతి ఇదే!

చింతలపూడి (ఏలూరు జిల్లా): ఇలా అనుకుందాం. సాయంత్రం ఐదున్నర అయింది. పామాయిల్ గెలల కాటా దగ్గర లెక్కలు చూసే కుర్రాడు రైతుల ఖాతా ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశాడు. ఫైల్ తెరుచుకోలేదు. 'ఇది వేరొకరి వాడుకలో ఉంది, చదవడానికి మాత్రమే తెరవగలరు' అని మెసేజ్ వచ్చింది. గదిలో ఉన్నది తనొక్కడే. ఆ కంప్యూటర్‌ను ముట్టుకునేది కూడా తనొక్కడే. మరి ఫైల్‌ను పట్టుకుని కూర్చున్నది ఎవరు?

టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే దొంగ దొరుకుతాడు. తెర మీద ఒక్క ఎక్సెల్ విండో కూడా లేదు. కానీ 'డీటెయిల్స్' ట్యాబ్‌లో మాత్రం 'ఎక్సెల్ డాట్ ఈఎక్స్ఈ' అనే పేరు వరుసగా పది పన్నెండు సార్లు కనిపిస్తుంది. ఒక్కోటి పదుల ఎంబీల మెమరీ మింగేసి కూర్చుంది. పాత 4 జీబీ మెషీన్ అయితే మౌస్ కదలడానికి కూడా ఆయాసపడుతుంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ పోతాయి. అందుకే చాలా ఆఫీసుల్లో దీనికి ఉన్న ఏకైక వైద్యం రీస్టార్టే. కరెంటు పోతే కూడా నయమైపోతుంది, చింతలపూడి లాంటి చోట ఆ వైద్యం ఉచితం. కానీ మర్నాడు సాయంత్రానికి మళ్లీ అదే కథ.

ఇది వైరస్ కాదు. ఎక్సెల్ లోపం అని కూడా అనలేం. రోజూ కాటా చీటీలు చదివి, రైతు వారీగా స్టేట్‌మెంట్ తయారుచేయడానికి ఎవరో రాసిచ్చిన చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది చూడండి.. అది ఎక్సెల్‌ను పిలిచింది, పని చేయించుకుంది, సరిగ్గా సాగనంపలేదు. అంతే.

ఈ సమస్య మన దగ్గర ఎందుకు ఎక్కువ?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల లెక్కలన్నీ ఎక్సెల్ మీదే నడుస్తాయి. చింతలపూడి, పెదవేగి వైపు పామాయిల్ గెలలు, కైకలూరు వైపు చేపలు, రొయ్యల కౌంట్లు, తాడేపల్లిగూడెంలో ఉల్లి లారీల లెక్కలు.. ఏది తీసుకున్నా చివరికి ఒక ఎక్సెల్ షీట్‌లోకే వస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉమ్మడి పశ్చిమ గోదావరి లెక్కలను విడగొట్టాల్సి వచ్చింది. అలాంటి పనుల్లోనూ షీట్లు కాపీ చేసి, విడదీసి, మళ్లీ కలపాల్సిందే. చేత్తో చేస్తే వారం పట్టే పని ఇది. అందుకే డిగ్రీ చదివిన కుర్రాడో, కంప్యూటర్ సెంటర్ నడిపే ఆయనో సీ షార్ప్‌లోనో, పైథాన్‌లోనో, యాక్సెస్‌లోనో నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి పెడతారు. పని పూర్తవుతుంది, అందరూ సంతోషిస్తారు. ఎక్సెల్ వెనకాల మిగిలిపోయిందన్న సంగతి నెల తర్వాత గానీ బయటపడదు.

'క్విట్' అంటే వెళ్లిపోయినట్టు కాదు!

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మీ ప్రోగ్రామ్, ఎక్సెల్ రెండూ వేర్వేరు ప్రాసెస్‌లు. రెండింటి మధ్య మాటలు నడిచేది 'కామ్' అనే పద్ధతిలో. మైక్రోసాఫ్ట్ దీన్ని 1993లో తెచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా విండోస్‌లో ఎక్సెల్‌ను ప్రోగ్రామ్‌తో నడిపించాలంటే ఇప్పటికీ ఎక్కువగా ఇదే దారి.

కామ్ పద్ధతిలో ఒక లెక్క ఉంటుంది. ఎక్సెల్‌కు చెందిన ఏ వస్తువునైనా, అంటే వర్క్‌బుక్ కానివ్వండి, షీట్ కానివ్వండి, ఒక్క గడి కానివ్వండి, మీ ప్రోగ్రామ్ చేతిలోకి తీసుకుంటే దాని 'రిఫరెన్స్' లెక్క ఒకటి పెరుగుతుంది. వదిలేస్తే ఒకటి తగ్గుతుంది. మీరు 'క్విట్' అని చెప్పినా, చేతిలో ఒక్క రిఫరెన్స్ మిగిలి ఉంటే చాలు, ఎక్సెల్ విండో మూసుకుంటుంది గానీ ప్రాసెస్ ఆగిపోదు.

పెళ్లయ్యాక ఫంక్షన్ హాల్ గుర్తు తెచ్చుకోండి. పెళ్లివారు బయల్దేరారు, లైట్లు ఆర్పేశారు. కానీ వెనక వంటశాలలో గిన్నెలు లెక్కపెట్టుకునే మనిషి ఒకడు ఉన్నాడు. వాడు బయటికి రాకుండా వాచ్‌మన్ తాళం ఎలా వేస్తాడు? క్విట్ అంటే 'మేం బయల్దేరాం' అని చెప్పడం. తాళం పడేది ఆఖరి మనిషి బయటికొచ్చాకే.

మరి ఆ వంటశాలలో మిగిలిపోయేది ఎవరు? మీరు పేరు పెట్టి పిలవని వాళ్లు. ప్రోగ్రామ్‌లో 'ఎక్సెల్ డాట్ వర్క్‌బుక్స్ డాట్ ఓపెన్' అని ఒకే లైన్‌లో రాస్తారు కదా. తెరుచుకున్న వర్క్‌బుక్‌ను ఒక వేరియబుల్‌లో దాచుకుంటారు. కానీ మధ్యలో 'వర్క్‌బుక్స్' అనే వస్తువు కూడా ఒకటి చేతికొచ్చింది. దానికి మీరు పేరు పెట్టలేదు. పేరు లేదు కాబట్టి వదిలేయడం కూడా మీ వల్ల కాదు. ప్రోగ్రామర్లలో 'ఒక లైన్‌లో రెండు చుక్కలు వద్దు' అనే సామెత లాంటి మాట పుట్టింది ఇందుకే. షీట్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసే 'ఫర్ ఈచ్' లూప్ కూడా ఇలాగే లోపల్లోపల ఒక పేరులేని వస్తువును తయారుచేస్తుంది. లైన్ చూస్తే అమాయకంగా ఉంటుంది, లెక్క మాత్రం పెరిగిపోతుంది.

సీ షార్ప్‌లో మెలిక ఎక్కడ?

డాట్ నెట్ భాషల్లో వాడి పడేసిన వస్తువులను మీరు ఏరాల్సిన పనిలేదు. 'గార్బేజ్ కలెక్టర్' అనే ఊడ్చే మనిషి ఉంటాడు. చిక్కు ఏంటంటే, వాడు రోజూ రాడు. చెత్త బాగా పోగైతేనే వస్తాడు. ఎక్సెల్ ప్రాసెస్ బయట వంద ఎంబీలు తింటున్నా, మీ ప్రోగ్రామ్ లోపల మాత్రం దాన్ని పట్టుకున్న దారం చాలా చిన్నది. ఊడ్చే మనిషికి అది చెత్తలా అనిపించదు. ప్రోగ్రామ్ రోజంతా తెరిచే ఉంటే, ఎక్సెల్‌లు కూడా రోజంతా ఉంటాయి. ప్రోగ్రామ్‌ను మామూలుగా మూసేస్తే చాలాసార్లు ఎక్సెల్ కూడా పోతుంది గానీ, కాటా దగ్గర ప్రోగ్రామ్‌ను పొద్దున తెరిచి రాత్రి మూస్తారు. మధ్యలో 120 స్టేట్‌మెంట్లు తీస్తే, ఒక్కో స్టేట్‌మెంట్‌కు కొత్త ఎక్సెల్‌ను పిలిస్తే.. ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అసలు ముందు సరిచేయాల్సింది అదే. 120 స్టేట్‌మెంట్లకు 120 ఎక్సెల్‌లు ఎందుకండీ? ఒక్క ఎక్సెల్‌ను తెరిచి, అందులోనే ఒక్కో వర్క్‌బుక్ తెరుస్తూ, సేవ్ చేస్తూ, మూస్తూ పోతే, చివర్లో సాగనంపాల్సింది ఒక్కదాన్నే. ఈ ఒక్క మార్పుతోనే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇక సాగనంపే క్రమం. ముందు వర్క్‌బుక్ 'క్లోజ్' చేయాలి. సేవ్ చేయాలా వద్దా అన్నది అక్కడే స్పష్టంగా చెప్పేయాలి. తర్వాత 'క్విట్'. ఆ తర్వాత 'జీసీ డాట్ కలెక్ట్', దాని వెనకే 'జీసీ డాట్ వెయిట్ ఫర్ పెండింగ్ ఫైనలైజర్స్'. ఈ జంటను రెండుసార్లు పిలవడం మంచిది. మొదటిసారి వదిలిన వస్తువుల వెనక ఇంకొన్ని వేలాడుతూ ఉండొచ్చు, రెండోసారి అవీ పోతాయి.

ఇది చదివి చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది. ఎక్సెల్‌తో పని చేసిన ఫంక్షన్‌లోనే, చివరి లైన్లలో ఈ జంటను పెడతారు. టెస్ట్ చేస్తే ఎక్సెల్ పోదు. 'ఇదేదో పనిచేయని చిట్కా' అని వదిలేస్తారు. కారణం డీబగ్ మోడ్. డీబగ్‌లో నడిపినప్పుడు ఆ ఫంక్షన్‌లోని వేరియబుల్స్ అన్నిటినీ ఫంక్షన్ పూర్తయ్యేదాకా బతికే ఉంచుతారు, ప్రోగ్రామర్ చూసుకోవడానికి వీలుగా. అంటే ఊడ్చే మనిషిని పిలిచారు, కానీ గదిలో వాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. అందుకే ఎక్సెల్ పని మొత్తం ఒక ఫంక్షన్‌లో పెట్టాలి. దాన్ని పిలిచే ఇంకో ఫంక్షన్‌లో, మొదటిది పూర్తిగా ముగిశాక, ఊడ్చే పని పెట్టాలి. ఇలా రాస్తే పేరులేని వస్తువులు కూడా వాటంతటవే పోతాయి. రెండు చుక్కల గురించి భయపడక్కర్లేదు.

'మార్షల్ డాట్ రిలీజ్ కామ్ ఆబ్జెక్ట్' అని ఇంకో దారి ఉంది. ఒక్కో వస్తువును మీరే చేత్తో వదిలేయడం. చాలాచోట్ల ఇదే మొదటి సలహాగా కనిపిస్తుంది. అయితే ఇందులో ప్రమాదం ఉంది. ప్రోగ్రామ్‌లో రెండు చోట్ల అదే వస్తువును వాడుతుంటే, ఒకచోట వదిలేయగానే రెండోచోట ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి కూలుతుంది. పైగా ఒక్క వస్తువును మర్చిపోయినా శ్రమంతా వృథా. చిన్న ప్రోగ్రామ్ అయితే పర్వాలేదు గానీ, పెద్దదానికి పైన చెప్పిన రెండు ఫంక్షన్ల పద్ధతే మేలు అన్నది మా అభిప్రాయం.

కనిపించని ప్రశ్న.. రాని జవాబు

ఎక్సెల్ మిగిలిపోవడానికి ఇంకో కారణం వింటే నవ్వొస్తుంది. ఫైల్‌లో మార్పులు చేసి, సేవ్ చేయకుండా క్విట్ అంటే ఎక్సెల్ ఏం చేస్తుంది? 'మార్పులు సేవ్ చేయమంటారా?' అని అడుగుతుంది. ప్రోగ్రామ్ పిలిచిన ఎక్సెల్ తెర మీద కనిపించదు కాబట్టి ఆ ప్రశ్న కూడా కనిపించదు. జవాబు చెప్పే నాథుడు లేడు. ఎక్సెల్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. దాన్ని పిలిచిన ప్రోగ్రామ్ కూడా వేలాడుతుంది. అందుకే మొదట్లోనే 'డిస్‌ప్లే అలర్ట్స్'ను ఫాల్స్ చేయాలి, వర్క్‌బుక్ క్లోజ్ చేసేటప్పుడు సేవ్ సంగతి తేల్చేయాలి. ఒక్క జాగ్రత్త, అలర్ట్స్ ఆపేస్తే పాత ఫైల్ మీద కొత్తది సేవ్ అవుతున్నా ఎక్సెల్ అడగదు. ఫైల్ పేర్లు మీరే సరిచూసుకోవాలి.

మధ్యలో ఎర్రర్ వస్తే? కాటా చీటీలో బరువు గడిలో అంకెకు బదులు 'రద్దు' అని టైప్ చేసి ఉంటుంది, ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. కింద ఉన్న క్లోజ్, క్విట్ లైన్ల దాకా రానే రాదు. నిజం చెప్పాలంటే, చాలా ఆఫీసుల్లో పోగయ్యే ఎక్సెల్‌లలో ఎక్కువ భాగం ఇలా సగంలో ఆగిన పనుల తాలూకువే. 'ట్రై', 'ఫైనల్లీ' ఉన్నది ఇందుకే. పని ట్రైలో, సాగనంపడం ఫైనల్లీలో పెడితే, ఎర్రర్ వచ్చినా రాకపోయినా ఎక్సెల్‌కు సెలవు దొరుకుతుంది.

యాక్సెస్‌లో రెండోసారే ఎందుకు తన్నేస్తుంది?

యాక్సెస్ లేదా పాత విజువల్ బేసిక్‌లో రాసిన ప్రోగ్రామ్‌లు మన వైపు ఇంకా చాలా నడుస్తున్నాయి. వాటిలో ఒక విచిత్రం కనిపిస్తుంది. మొదటిసారి బటన్ నొక్కితే చక్కగా పనిచేస్తుంది. రెండోసారి నొక్కితే 462 అనే నంబర్‌తో ఎర్రర్, 'రిమోట్ సర్వర్ మెషీన్ లేదు లేదా అందుబాటులో లేదు' అని. ఊళ్లో సర్వరే లేదు, ఈ రిమోట్ సర్వర్ ఎక్కడిది అని జుట్టు పీక్కుంటారు.

ఇక్కడ సర్వర్ అంటే ఎక్సెలే. ప్రోగ్రామ్‌లో ఎక్కడో 'రేంజ్' అనో, 'యాక్టివ్ షీట్' అనో, 'సెల్స్' అనో ముందు ఏ పేరూ లేకుండా రాసి ఉంటారు. ఏ ఎక్సెల్, ఏ షీట్ అని చెప్పకపోవడంతో విజువల్ బేసిక్ తనంతట తానే ఒక దాగిన రిఫరెన్స్ పట్టుకుంటుంది. మీరు 'సెట్ నథింగ్' అని ఎన్నిసార్లు రాసినా అది వదలదు, ఎందుకంటే అది మీది కాదు. రెండోసారి నడిపితే ఆ పాత దారాన్నే పట్టుకుని లాగుతుంది, అవతల ఎవరూ ఉండరు. మందు చాలా తేలిక. ప్రతి రేంజ్‌కూ, ప్రతి సెల్‌కూ ముందు ఫలానా షీట్ అని పేరు రాయాలి. బద్ధకిస్తే 462.

పైథాన్‌లో.. పక్కవాడి ఎక్సెల్ మూసేయకండి

పైథాన్‌లో 'పైవిన్32' వాడేవారు రెండు విషయాలు చూసుకోవాలి. క్లోజ్, క్విట్ అయ్యాక ఎక్సెల్‌ను, వర్క్‌బుక్‌ను, షీట్‌ను పట్టుకున్న పేర్లను 'డెల్' చేయాలి లేదా 'నన్' ఇవ్వాలి. ఇది మొదటిది. రెండోది అంతకంటే ముఖ్యం. 'గెట్ యాక్టివ్ ఆబ్జెక్ట్' లాంటి పిలుపు కొత్త ఎక్సెల్ తెరవదు, అప్పటికే తెరిచి ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అది ఆఫీసులో అక్క ఉదయం నుంచి బోనస్ లెక్క వేసుకుంటున్న ఎక్సెల్ కావొచ్చు. పనైపోయాక మీ ప్రోగ్రామ్ క్విట్ అంటే ఆమె తెర మీద ఎక్సెల్ మూతపడుతుంది. అలర్ట్స్ కూడా ఆపేసి ఉంటే సేవ్ చేయమంటారా అన్న ప్రశ్న కూడా రాదు. అందుకే సొంతంగా కొత్త ఎక్సెల్ కావాలంటే 'డిస్పాచ్ ఈఎక్స్' వాడాలి. మీరు తెరిచినదాన్నే మీరు మూయాలి. 'ఎక్స్ఎల్‌వింగ్స్' లైబ్రరీ వాడితే 'విత్' బ్లాక్‌లో ఎక్సెల్ తెరవొచ్చు, బ్లాక్ దాటగానే అదే మూసేస్తుంది.

దీనికి రివర్స్‌లో కూడా జరుగుతుంది. మీ ప్రోగ్రామ్ దాగిన ఎక్సెల్‌తో పని చేస్తుండగా, ఎవరైనా డెస్క్‌టాప్ మీద ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే, కొన్నిసార్లు అది వెళ్లి ఆ దాగిన ఎక్సెల్‌లోనే తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ పని ముగించి క్విట్ అనగానే వాళ్ల ఫైల్ కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది. క్విట్ చెప్పేముందు ఆ ఎక్సెల్‌లో మీవి కాని వర్క్‌బుక్‌లు ఏమైనా తెరిచి ఉన్నాయా అని లెక్క చూస్తే ఈ గొడవ తప్పుతుంది. ఉంటే ఎక్సెల్‌ను కనిపించేలా చేసి వాళ్లకే వదిలేయడం మర్యాద.

అన్నిటినీ చంపేస్తే పోలా?

'టాస్క్‌కిల్' అని ఒక కమాండ్ ఉంది. ఎక్సెల్ పేరు చెప్పి, బలవంతంగా అని జోడిస్తే ఆ కంప్యూటర్‌లో ఉన్న ఎక్సెల్‌లన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ఒక్క లైన్‌లో అయిపోతుంది కాబట్టి చాలామంది ప్రోగ్రామ్ చివర్లో దీన్నే పెట్టేస్తారు. ఇది ఎలుక కోసం ఇల్లు తగలబెట్టడమే. దాగినదేదో, మనిషి వాడుతున్నదేదో ఆ కమాండ్‌కు తెలియదు. సేవ్ చేయని గెలల లెక్క పోతే ఆ రోజు కాటా చీటీలన్నీ మళ్లీ టైప్ చేయాలి. ఒక్క చీటీ తప్పిపోయినా ఒక రైతుకు డబ్బు తక్కువ పడుతుంది. ఎవరి పొరపాటో తేలేదాకా ఆయన ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఎంత పద్ధతిగా రాసినా ఏదో యాడ్-ఇన్ పట్టుకోవడం వల్ల ఎక్సెల్ పోనిమాట కూడా నిజమే. అప్పుడు చంపక తప్పదు. కానీ పేరుతో కాదు, నంబర్‌తో. ఎక్సెల్‌ను తెరవగానే దాని 'హెచ్‌విండ్' అనే విండో నంబర్ తీసుకుని, విండోస్‌ను అడిగితే ఆ ప్రాసెస్ ఐడీ చెబుతుంది. దాన్ని రాసిపెట్టుకోండి. క్విట్ చెప్పి, ఊడ్చి, కొన్ని సెకన్లు ఆగి చూడండి. అప్పటికీ ఆ ఐడీ బతికే ఉంటే దాన్నొక్కదాన్నే ఆపండి. బలవంతంగా ఆపినప్పుడు ఫోల్డర్‌లో ఒక అలగీత, డాలర్ గుర్తుతో మొదలయ్యే చిన్న దాగిన ఫైల్ మిగిలిపోవచ్చు. ఆ ఫైల్‌ను ఎవరు తెరిచారో ఎక్సెల్ రాసుకునే చీటీ అది. ఎవరూ తెరవలేదని రూఢి చేసుకున్నాక దాన్ని డిలీట్ చేసేయొచ్చు.

అసలు ఎక్సెల్ అవసరమేనా?

ఈ ప్రశ్న మొదట్లోనే వేసుకోవాల్సింది. రాత్రిపూట మనిషి లేకుండా నడిచే పనులకు, సర్వర్ మీద నడిచే వెబ్‌సైట్లకు ఎక్సెల్‌ను ఇలా వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఎక్సెల్‌ను తయారుచేసింది మనిషి ఎదురుగా కూర్చుని వాడుకోవడానికి. ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు ఉంటారన్న నమ్మకంతోనే అది నడుస్తుంది. అందుకే ఆ వాడకానికి సపోర్ట్ ఇవ్వరు.

2007 నుంచి వచ్చిన 'ఎక్స్ఎల్ఎస్ఎక్స్' ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. లోపల ఎక్స్ఎంఎల్ ఫైల్స్ ఉంటాయి. దాన్ని చదవడానికి, రాయడానికి ఎక్సెల్ అక్కర్లేదు. పైథాన్‌లో 'ఓపెన్‌పైఎక్సెల్', డాట్ నెట్‌లో 'క్లోజ్డ్ఎక్స్ఎంఎల్', జావాలో 'అపాచీ పీఓఐ' నేరుగా ఆ మూటనే విప్పి కడతాయి. ఎక్సెల్ ప్రాసెస్ పుట్టనే పుట్టదు కాబట్టి మిగిలిపోయే మాటే లేదు. రైతు వారీ స్టేట్‌మెంట్ లాంటి పనికి ఇవి పుష్కలంగా సరిపోతాయి.

అయితే పరిమితులు ఉన్నాయి. ఓపెన్‌పైఎక్సెల్ ఫార్ములాను రాస్తుంది గానీ లెక్క కట్టదు. టన్ను రేటును బరువుతో గుణించే ఫార్ములా రాసి, వెంటనే ఆ మొత్తాన్ని ప్రోగ్రామ్‌లో చదవాలని చూస్తే ఖాళీ వస్తుంది. ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేస్తేనే విలువ పడుతుంది. గుణకారం పైథాన్‌లోనే చేసి అంకె రాసేస్తే సరి. పాత టెంప్లేట్‌లో బాణాలు, డబ్బాలు లాంటి బొమ్మలు గీసి ఉంటే ఓపెన్‌పైఎక్సెల్‌తో తెరిచి సేవ్ చేశాక అవి మాయమవుతాయి. మాక్రోలు నడిపించాలన్నా, ఉన్న షీట్‌ను ఉన్నట్టుగా ప్రింట్ తీయాలన్నా ఎక్సెల్‌ను పిలవాల్సిందే. అప్పుడు పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

లిబ్రేఆఫీస్ వాడేవారికి కూడా ఈ చిక్కు ఉంది. తెర లేకుండా 'హెడ్‌లెస్' పద్ధతిలో ఫైల్‌ను పీడీఎఫ్‌గా మార్చమని చెబితే, ఒక్కోసారి 'ఎస్ఆఫీస్ డాట్ బిన్' అనే ప్రాసెస్ వెనక మిగిలిపోతుంది. రెండోసారి పిలిస్తే ప్రొఫైల్ తాళం పడి ఏమీ జరగదు. ఒక్కో పనికి వేరే ప్రొఫైల్ ఫోల్డర్ ఇస్తే ఆ తాళం గొడవ ఉండదు.

మీ ఆఫీసులో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఎక్సెల్ విండోలన్నీ మూసేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డీటెయిల్స్‌లో ఎక్సెల్ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. మీ ప్రోగ్రామ్‌ను ఒకసారి నడిపి, అర నిమిషం ఆగి మళ్లీ లెక్కపెట్టండి. తర్వాత చీటీలో కావాలని ఒక తప్పు బరువు పెట్టి, ఎర్రర్ వచ్చేలా ఇంకోసారి నడపండి. మొదటి పరీక్ష పాసైన ప్రోగ్రామ్‌లు చాలావరకు బోర్లా పడేది ఈ రెండోదాంట్లోనే.